బీరువా మీద రెండు పెట్టెలు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. భోగికి ముందు రోజు అమ్మ "ఆ బీరువా మీద సామానంతా ఓసారి దింపరా, పనికిరానివేవైనా ఉంటే పారేద్దాం" అంది. స్టూలేసుకుని ఎక్కితే పాత క్యాలెండర్లు, నాన్నగారి ఎల్లైసీ కాగితాల ఫైలు, అడుగు లేని ఓ స్టీలు క్యారేజీ, వాటి వెనకాల దుమ్ము కొట్టుకుపోయి రెండు సెట్ టాప్ బాక్సులు. ఒక్కోదానికీ దాని రిమోటు రబ్బరు బ్యాండుతో కట్టి, ఎడాప్టరు వైరు చుట్ట చుట్టి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టి ఉంది. అలా పెట్టింది నాన్నగారని చూడగానే తెలిసిపోతుంది. మూడో బాక్సు కింద టీవీ పక్కన పని చేస్తోంది.

"ఇవి పాడైపోయాయా?" అనడిగాను.

"పాడవడమేం, శుభ్రంగా ఉన్నాయి. పని చెయ్యవంతే" అంది అమ్మ.

ఈ మాట ఇంకెవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ బాగానే ఉంది, పని చెయ్యదు అంటే ఏమిటో మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా. లైసెన్సు అయిపోయిన సాఫ్టువేరు, సపోర్టు ఎత్తేసిన సర్వరు, వెండరు మారగానే చెత్తబుట్టలోకి పోయే హార్డువేరు... ఆఫీసులో వీటిమీద గంటలు గంటలు మీటింగులు పెట్టుకుంటాం. "వెండర్ లాకిన్" అని స్లైడు మీద ఎర్రక్షరాలతో రాసి మేనేజరుగారిని భయపెడతాం. అదే సంగతి మా అమ్మ ఇంట్లో మూడుసార్లు జరిగితే నాకు ఇన్నాళ్ళూ పట్టనేలేదు.

ముందు ఆ పెట్టెల కథ చెబుతాను. మొదటిది 2016లో కొన్నది. మా ఊరు తణుకు. పాత ఎనలాగ్ కేబులు తీసేస్తున్నారు, డిజిటల్ బాక్సు లేకపోతే టీవీ రాదు అని కేబులాయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పదిహేను వందలు కట్టాం. 2019లో ఆయన ఒక పెద్ద కేబుల్ కంపెనీని వదిలేసి ఇంకో పెద్ద కంపెనీ సిగ్నలు తీసుకున్నాడు. మాకూ ఆ మార్పుకీ ఏ సంబంధమూ లేదు. అదే వైరు, అదే స్తంభం, అదే మనిషి. బాక్సు మాత్రం మార్చాలి. "ఏం చెయ్యమంటారండీ, ఆ బాక్సులో వీళ్ళ సిగ్నలు తెరుచుకోదండి" అన్నాడు. మళ్ళీ డబ్బు కట్టాం, ఈసారి కాస్త తగ్గించాడు పాపం. 2021లో నాన్నగారు పోయారు. మరుసటి ఏడు అమ్మని మా పిన్నివాళ్ళింటి దగ్గరకి మార్చాం. పాతింటికీ కొత్తింటికీ మధ్య నడిచి వెళితే పావుగంట. కానీ ఆ వీధి ఇంకో ఆపరేటరుది, ఆయన తీసుకునేది మూడో కంపెనీ సిగ్నలు. రెండో పెట్టె కూడా బీరువా ఎక్కింది.

ఆరేళ్ళలో మూడు పెట్టెలు. ఒక్కటీ పాడవలేదు.

చిన్నప్పటి సంగతులు కాస్త చెప్పాలి. లేకపోతే ఇందులో నాకు ఎక్కడ మండిందో మీకు అర్థం కాదు. తొంభైల్లో మా వీధికి కేబులొచ్చింది. అంతకుముందు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే ఆయనే ఇంటి డాబా మీద డిష్ పెట్టి, వీధి వీధంతా నల్లవైరు లాగాడు. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక ఇక కేబులు లేని ఇల్లు లేదు. మా టీవీకి ఉన్నవి పన్నెండే మీటలు. పక్కన చిన్న మూత తీస్తే లోపల పళ్ళచక్రాల్లాంటివి ఉండేవి. వాటిని వేలితో తిప్పుతూ ఒక్కో మీటకీ ఒక్కో ఛానెల్ కుదర్చాలి. ఆ పని ఇంట్లో నాది. బొమ్మ కుదిరితే మాట రాదు, మాటొస్తే రంగు పోతుంది. నేను ఇంజినీరునవుతానని నాన్నగారు అప్పుడే తేల్చేశారట (ఆ తర్వాత మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ మార్కులు చూసి మనసు మార్చుకున్నారనుకోండి).

ఆ ఎనలాగ్ కేబుల్లో గోల లేదనను. వానొస్తే బొమ్మ పోయేది. వీధి చివరి ఇళ్ళకి చీమలు పాకేవి. మధ్యలో ఎవరో దొంగ కనెక్షను లాగితే మనింట్లో దయ్యాల్లా రెండేసి బొమ్మలు. కానీ ఒక్క సుఖం ఉండేది. ఏ టీవీ కొన్నా, ఏ ఊరు తీసుకెళ్ళినా, వైరు గుచ్చితే బొమ్మొచ్చేది. టీవీ ఎవరిదో, వైరు ఎవరిదో ఒకరికొకరు తెలియాల్సిన పని లేదు. మధ్యలో ఉన్నది అందరికీ తెలిసిన ఒక పద్ధతి, అంతే.

డిజిటల్‌కి మారడం తప్పని నేననడం లేదు. 2011 చివర్లో కేబుల్ చట్టాన్ని సవరించి, 2012 నుంచి దశలవారీగా ముందు నాలుగు మహానగరాలు, తర్వాత మన హైదరాబాదూ విశాఖా లాంటి నగరాలు, ఆ తర్వాత చిన్న టౌన్లు, పల్లెలు అంటూ 2017 దాకా లాక్కొచ్చారు. మంచి కారణాలే ఉన్నాయి. ఎనలాగ్‌లో ఒక్క ఛానెల్ పట్టే 8 మెగాహెర్ట్జ్ చోటులో డిజిటల్‌గా పంపితే సెకనుకి దాదాపు 38 మెగాబిట్లు పడతాయి, అంటే పదికి పైగా మామూలు ఛానెళ్ళు. పైగా ఆపరేటర్లు వెయ్యి ఇళ్ళుంటే రెండొందలని లెక్క చూపించేవారు, ఛానెళ్ళవాళ్ళకి డబ్బు అందేది కాదు, ప్రభుత్వానికి పన్ను రాదు. ఏ ఇంట్లో ఏ ఛానెల్ తెరిచి ఉందో ఒక సర్వరులో లెక్క ఉండాలి అన్నారు. సరే, ఉండాల్సిందే.

ఆ లెక్క ఎలా పని చేస్తుందో తెలిస్తే ముచ్చటేస్తుంది. ఛానెల్ని కలగాపులగం చేసి పంపుతారు. దాన్ని విప్పే తాళంచెవి కొన్ని సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. ఆ చెవిని కూడా మళ్ళీ ఇంకో తాళంలో పెట్టి, బొమ్మతో పాటే అదే వైరులో పంపుతారు. "ఫలానా నంబరు బాక్సుకి ఫలానా ఛానెళ్ళు చూసే హక్కు ఉంది" అన్న సందేశం వేరేగా వస్తుంది. మీ బాక్సులోని చిప్పు ఈ రెండూ కలిపి చూసుకుని, హక్కుంటే చెవి తీసి బొమ్మ విప్పుతుంది. ఎవరో తెలివైనవాళ్ళు కూర్చుని రాసిన ప్రోటోకాలు. ఇందులో దాపరికం అవసరమే, నాకేం అభ్యంతరం లేదు.

అభ్యంతరం ఎక్కడంటే, ఈ తాళం సంగతంతా ఆ డబ్బాలో విడదియ్యడానికి వీల్లేకుండా కలిపేశారు. డబ్బాలో తొంభై శాతం అందరికీ ఒకటే. వైరులోంచి సిగ్నలు పట్టడం, వీడియో విప్పడం, టీవీకి పంపడం, రిమోటు మాట వినడం, ఇవన్నీ అందరికీ తెలిసిన ప్రమాణాల ప్రకారం చేసేవే. మిగిలిన ఆ చిన్న తాళం ముక్క కోసం డబ్బా మొత్తం ఒక కంపెనీకి కట్టుబానిస. సెల్‌ఫోనులో సిమ్ముని అతికించేసి అమ్మితే ఎలా ఉంటుందో అలా. కంపెనీ మారాలంటే ఫోను పారెయ్యాలి!

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఇలా జరుగుతుందని ప్రభుత్వానికి ముందే తెలుసు. 2001లో డీటీహెచ్ కోసం రాసిన మార్గదర్శకాల్లోనే, ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీ సేవకి కూడా పనికొచ్చేలా ఉండాలని షరతు ఉంది. మన దేశంలో ఇంటింటికీ డీటీహెచ్ గొడుగులు రాకముందు మాట అది. కాగితం మీద షరతు నెరవేర్చడానికి బాక్సు వెనకాల ఓ కన్నం పెట్టారు, అందులో గుచ్చే ముక్క కొనాలంటే ఇంచుమించు కొత్త కనెక్షనంత ఖర్చు. దాంతో ఎవరూ గుచ్చలేదు. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ మళ్ళీ కూర్చుని, కేబులు బాక్సులు కేబులు వాటితో, డీటీహెచ్‌వి డీటీహెచ్ వాటితో మార్చుకునేలా ఉండాలి, తాళం ముక్క యూఎస్‌బీలా గుచ్చుకునేలా ఉండాలి, టీవీలకే ఆ పోర్టు ఉండాలి అని సిఫారసు చేసింది. చదివితే ముచ్చటగా ఉంటుంది. అది సిఫారసుగానే మిగిలిపోయింది.

ఇదే దేశంలో 2011 జనవరి 20 నుంచి ఫోను నంబరు మార్చుకోకుండా కంపెనీ మార్చుకోవచ్చు. అప్పుడూ కంపెనీలు కుదరదు, ఖర్చు, సాంకేతికంగా కష్టం అనే అన్నాయి. కుదిరింది కదా.

ఇక ఛానెళ్ళ ఎంపిక సంగతి. 2019 ఫిబ్రవరి 1 మీకు గుర్తుండే ఉంటుంది. "మీకు కావలసిన ఛానెళ్ళే ఎంచుకోండి, వాటికే డబ్బు కట్టండి" అని ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టిన రోజు. నేను చాలా సంబరపడ్డాను. మన అలవాటు తెలుసుగా, వెంటనే ఎక్సెల్ షీటు తెరిచాను. వంద ఛానెళ్ళ దాకా మోసుకొచ్చే కూలి 130 రూపాయలు, పద్దెనిమిది శాతం పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఆపైన నాలుగు పెద్ద తెలుగు ఛానెళ్ళు విడివిడిగా 19, 19, 19, 17. మొత్తం పన్నుతో కలిపి 240 రూపాయల 72 పైసలు. అమ్మకి ఎస్వీబీసీ ఎలాగూ ఉచితం. నాన్నగారికి వార్తలు, వాటికీ పెద్ద ఖరీదు లేదు. రెండు ట్యాబులు, ఫార్ములాలు, రంగులు... ఊరికి మెయిలు కొట్టి ప్రింటు తీయించుకోమన్నాను.

నాన్నగారు ఆ కాగితం పట్టుకుని కేబులాయన దగ్గరకెళ్ళారు. ఆయన చూసి, "బాగుందండి. ఇలా అయితే రెండొందల నలభై. మా ప్యాకైతే రెండొందల యాభై, అన్నీ వచ్చేత్తాయండి" అన్నాడట. తొమ్మిది రూపాయలకి నా ఎక్సెల్ షీటు గాలికెగిరిపోయింది. నాన్నగారు ప్యాకే తీసుకున్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే తీసుకునేవాణ్ణి.

ఎందుకలా అయిందంటే, ప్యాకు మీద ఇచ్చే తగ్గింపు పదిహేను శాతం మించకూడదని ట్రాయ్ మొదట రాసిన నిబంధనని 2018లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. దాంతో విడిగా పంతొమ్మిది పలికే ఛానెల్ని, ఎవరూ అడగని ఇంకో నాలుగైదింటితో కలిపి ఇంచుమించు అదే ధరకో, ఇంకాస్త ఎక్కువకో ఇవ్వొచ్చు. విడిగా కొనేవాడు పిచ్చివాడిలా కనిపించాలి, అదీ లెక్క. ఆ తగ్గింపుకి హద్దు మళ్ళీ రావడానికి 2023 ఫిబ్రవరి దాకా పట్టింది, అదీ నలభై అయిదు శాతం దగ్గర. ఆ మార్పు వచ్చిన నెలలోనే ధరల దగ్గర పేచీ వచ్చి, సంతకం పెట్టని కేబుల్ కంపెనీలకి పెద్ద ఛానెళ్ళవాళ్ళు కొన్ని రోజులు సిగ్నలు ఆపేశారు కూడా. ఆ తర్వాత 2024 జులైలో ఆ 130 రూపాయల పరిమితిని కూడా ఎత్తేసి, మోత కూలి ఎంతో కంపెనీలే చెప్పుకోవచ్చన్నారు. పోటీ ఉంది కాబట్టి ధర అదే అదుపులో ఉంటుందని వాదన.

పోటీ! నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఈ మాట దగ్గరే. కంపెనీ నచ్చకపోతే మారిపోగలిగితే కదా పోటీ. మారిపోవాలంటే ముందు పదిహేను వందల పెట్టెని బీరువా ఎక్కించాలి. నెలకి ఇరవై రూపాయలు మిగులుతాయని ఎవడు పదిహేను వందలు పెట్టి మారతాడు? ఆరేళ్ళు పడుతుంది ఆ డబ్బు రాబట్టుకోవడానికి. ఆలోపు ఎవరో ఒకరు పెట్టె మార్చమంటారు. ఛానెళ్ళ జాబితాలో ఎంత స్వేచ్ఛ ఇచ్చినా, ధరల మీద ఎన్ని పేజీల నిబంధనలు రాసినా, ఆ డబ్బా తాళం ఊడకపోతే అదంతా గదిలో పెట్టి గొళ్ళెం వేసి "లోపల ఎక్కడైనా తిరుగు" అనడమే.

ఇదంతా డబ్బు గొడవే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. పోయిన ఏడాది వానాకాలంలో జరిగిన సంగతి ఒకటుంది.

నేను రోజూ సాయంత్రం ఏడింటికి అమ్మకి ఫోను చేస్తాను. వెనకాల సీరియలు మోత వినబడుతూ ఉంటుంది. "కాస్త తగ్గించమ్మా" అనడం, ఆవిడ తగ్గించకపోవడం మామూలే. ఒకరోజు మాట్లాడుతుంటే ఏదో తేడాగా అనిపించింది. గొంతు స్పష్టంగా వినబడుతోంది. అంతా నిశ్శబ్దం. "టీవీ పెట్టలేదా?" అన్నాను. "రావట్లేదులేరా, నాలుగు రోజులైంది. కేబులబ్బాయికి చెప్పా, వస్తాడు" అంది. నాలుగు రోజులు! ఆ నాలుగు రోజులూ నేను ఫోను చేశాను, ఆవిడ మాట్లాడింది, ఒక్క ముక్క చెప్పలేదు. "నువ్వు ఆఫీసులో ఉంటావు, ఇంతోటిదానికి నీకెందుకని" అంది. నాన్నగారు పోయాక ఆ ఇంట్లో పగలంతా వినబడే మనిషి గొంతు ఆ టీవీదే. అది నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

సరే, నేనెందుకున్నాను, రెండు నిమిషాల్లో రీఛార్జి చేసేస్తాననుకుని కూర్చున్నాను. కంపెనీ వెబ్‌సైట్లో బాక్సు నంబరు కొట్టాను. ఓటీపీ పంపాం అంది. అమ్మ ఫోనుకి రాలేదు, నాకూ రాలేదు. మూడుసార్లు చేశాక కస్టమర్ కేరు అమ్మాయి చెప్పింది, రిజిస్టరైన నంబరు చివర ఫలానా రెండు అంకెలు అని. అది కేబులాయన నంబరు! కనెక్షను ఇచ్చేటప్పుడు అందరికీ ఆయన నంబరే ఎక్కించేశాడు. మా అమ్మ కనెక్షనుకి అమ్మ హక్కుదారు కాదన్నమాట. నంబరు మార్చమంటే "మీ ఆపరేటరుని సంప్రదించండి". ఆపరేటరు ఎక్కడున్నాడంటే భీమవరంలో ఆసుపత్రిలో, వాళ్ళ నాన్నకి ఆపరేషను. ఈయన కంపెనీకి ముందుగా డబ్బు వేసుకునే వాలెట్ ఒకటి ఉంటుంది, అందులోంచి ఒక్కో ఇంటికీ తీసి రెన్యువల్ చేస్తాడు. వాలెట్ ఖాళీ అయింది, ఆ హడావుడిలో ఆయన చూసుకోలేదు. అమ్మ ఒకటో తారీఖునే నగదిచ్చేసింది. కంపెనీ లెక్కలో మాత్రం మా అమ్మ డబ్బు కట్టని మనిషి.

క్లౌడులో లక్షలమంది లాగిన్లు నడిపే పని చేస్తున్నాను నేను. నా చేతిలో మూడు కార్డులు, యూపీఐ, ఫైబరు. అమ్మ టీవీకి రెండొందల చిల్లర కట్టలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆసుపత్రి నుంచే ఫోన్లో రీఛార్జి చేశాడు. "క్షమించండి బాబూ, అమ్మగారు ఒక్కరే ఉంటారని నాకు తెలుసండి, మర్చిపోయానండి" అన్నాడు. ఏమంటాం? ఆ మనిషే కిందటేడు తుఫానులో వైరు తెగితే రాత్రి తొమ్మిదింటికి గొడుగేసుకుని వచ్చి కలిపాడు. అమ్మకి రిమోటు మీద ఏ మీట నొక్కాలో నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఇచ్చింది ఆయనే (ఈ యూజర్ ఇంటర్‌ఫేసు పాఠం మా కంపెనీలో ఎవరికీ తెలియదు). రెండు రిమోట్లలో టీవీది ఏదో బాక్సుది ఏదో తెలియక అమ్మ ఎన్నిసార్లు పిలిచినా విసుక్కోకుండా వస్తాడు. 130 రూపాయల రోజుల్లో కూడా, కంపెనీతో వేరే ఒప్పందమేదీ లేకపోతే, అందులో స్తంభమెక్కే మనిషి వాటా నలభై అయిదు శాతం, అంటే 58 రూపాయల 50 పైసలు. అందులోనే స్తంభం అద్దె, కుర్రాడి జీతం, వైరు ఖర్చు. అందుకే నా కోపం ఆయన మీద కాదు. కంపెనీ మారితే ఆయన కొనిపెట్టుకున్న సామాను కూడా గోడౌన్లో పడుతుంది. ఆయనదీ ఓ బీరువా ఉంది, ఇంకాస్త పెద్దది.

మీరనబోయేది నాకు తెలుసు. "ఇంకా కేబులేంటండీ, స్మార్ట్ టీవీ కొనిచ్చి ఇంటర్నెట్టు పెట్టించండి" అంటారు. చేశాను. అమ్మ ఆ టీవీ ముందు కూర్చుని మొదట అడిగిన ప్రశ్న, "ఇప్పుడేం వస్తోంది ఇందులో?". దానికి నా దగ్గర జవాబు లేదు. అందులో ఏమీ "వస్తూ" ఉండదు, మనం వెతుక్కోవాలి. ఆవిడకి వెతకడం రాక కాదు, వెతకడం ఇష్టం లేదు. ఏడింటికి ఆ సీరియలు వస్తుంది, ఏడున్నరకి ఇంకోటి, మధ్యలో ప్రకటనలప్పుడు అన్నం వార్చుకోవచ్చు. పైగా అక్కడా అంతే కదా, ఒక యాపులో కొన్నది ఇంకో యాపులో కనబడదు. మన రాష్ట్రంలోనే 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలుపెట్టినప్పుడు టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ కలిపి నెలకి 149 అన్నారు. చాలా మంచి ఆలోచన అనిపించింది నాకు. దానికీ దాని పెట్టె దానికుంది.

కేబుల్ కంపెనీలు చెప్పే వాదన కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. బాక్సుని మేం అసలు ఖరీదు కంటే తక్కువకే ఇస్తున్నాం, అందరికీ పనికొచ్చేలా చేస్తే ఖర్చు పెరుగుతుంది, పైగా దొంగతనాలు పెరుగుతాయి అంటారు. దొంగతనం సంగతి నేనొప్పుకోను. తాళం ముక్క విడిగా ఉన్నంత మాత్రాన తాళం బలహీనపడదు, బ్యాంకు కార్డు విడిగానే ఉంటుంది కదా. ఖర్చు మాట కొంత నిజమే. తక్కువకి ఇస్తున్నామంటే ఆ డబ్బా ఇంకా వాళ్ళదే అనేగా? అలాంటప్పుడు అద్దెకివ్వండి. కనెక్షను తీసేసిన రోజు పెట్టె పట్టుకెళ్ళి డిపాజిట్ తిరిగివ్వండి. దాన్ని తుడిచి ఇంకో ఇంట్లో పెట్టుకోండి. అదీ కాదు, అమ్ముతాం అంటారా, అయితే అమ్మిన వస్తువు మీద తాళం తీసెయ్యండి. నా దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు అమ్మకం, నేను వెళ్ళిపోయేటప్పుడు మాత్రం "అది మా సిస్టమ్ బాక్సండీ" అనడం ఎలా కుదురుతుంది? ఈ రెండింట్లో ఏదో ఒకటి చెయ్యమని ట్రాయ్ గట్టిగా చెబితే చాలు, ఛానెల్ ధరల మీద రాసిన ఆ వందల పేజీల్లో సగం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఈలోపు మీ అమ్మానాన్నల ఇంట్లో కేబులుంటే ఓ పని చెయ్యండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ కనెక్షను ఎవరి పేరున ఉందో, ఏ ఫోను నంబరు ఎక్కించి ఉందో చూడండి. నేను మొన్న పండక్కి అదే చేయించాను. కేబులాయన నవ్వి, "ఈ వీధిలో నంబరు మార్చమన్న మొదటి మనిషి మీరేనండి" అన్నాడు. రెండు నిమిషాల పని. బాక్సు అడుగున ఉండే నంబరు కూడా ఫోటో తీసిపెట్టుకోండి. ఫోన్లో అమ్మ చేత చదివిస్తే ఎనిమిదికీ బీకీ తేడా తెలియక నాకు గంట పట్టింది.

ఆ రెండు పెట్టెల్నీ ఏం చెయ్యాలో తోచలేదు. భోగి మంటలో వెయ్యడానికి అవి కర్ర పిడకలు కావు. పాత సామాన్లవాడు రెండూ కలిపి నలభై ఇస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న దాచారు, ఉండనీ" అంది. తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను.

నిన్న ఫోను చేస్తే, వెనకాల సీరియలు మోతలోంచి చెప్పింది, కేబులబ్బాయి వచ్చాడట, వీధిలో నల్లవైరు తీసేసి ఫైబరు వేస్తున్నారట. ఫైబరైతే బొమ్మ అద్దంలా ఉంటుందన్నాడట.

"పెట్టె మార్చాలన్నాడా?" అన్నాను.

"మార్చాలనే అన్నాడు. పోనీలే, బీరువా మీద ఇంకోదానికి చోటుంది" అంది.